పక్క అద్దాలు

లారీ వెనక తలుపు మీద ‘అమ్మ దీవెన’ రాశాను.
‘అమ్మ దీన’ అని చదివి
ఓనరు సాంబిరెడ్డి నవ్వాడు.
“నడుమ ‘వె’ ఏదయ్యా నాగుల్ మీరా, టీలో ముంచుకు తిన్నావా?”
ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో కుంచె పట్టిన చెయ్యి.
గీత కొడితే దారం లాగినట్టుండేది.
అక్షరం ఎక్కడ జారిందో
దానికీ తెలీదు, నాకూ తెలీదు.

అంతకు ముందే కొన్ని జరిగాయి, ఎవరికీ చెప్పలేదు.
టీ పళ్లెంతో వచ్చే పిల్లాణ్ని మూడుసార్లు గుద్దాను.
మనుషులు నడిచి రావడం మానేసి
ఉన్నట్టుండి ముక్కు ముందు మొలవడం మొదలెట్టారు.
బెంజి సర్కిల్ దగ్గర ఒక స్కూటరు గాల్లోంచి పుట్టింది.
రెండుసార్లు కళ్లజోడు మార్పించాను.
నడిమి చూపు నిక్షేపం,
వెంట్రుక మందం గీత ఇప్పటికీ గీస్తాను.
పక్కలే లేవు.
ఇరుకు సందులో దూరేముందు
క్లీనరు మడిచేసిన అద్దాల్లా
రెండు పక్కలూ.

సూర్యారావుపేటలో డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి పట్టింది.
“రెండు కళ్ల నరాలూ లోపల ఒకచోట దాటుకుంటాయి.
మన రైల్వే జంక్షనే అనుకోండి.
సగం పట్టాలు నేరుగా,
సగం అటువి ఇటు, ఇటువి అటు.
ఆ దాటే చోట మీకు కింద నేల ఉబ్బింది.”
పీయూష గ్రంథి అట.
పీయూషమంటే అమృతమని
వరండాలో ఎవరో తెలుగు మేష్టారు చెప్పాడు.
శనగగింజంత ఉండాల్సింది
నేరేడు పండంత అయిందట.
ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నేను మాత్రం, సిగ్గుగానే ఉంది చెప్పడానికి,
ఆ రంగు గురించి ఆలోచించాను.
నేరేడు రంగు కలపడం కష్టం,
నీలం ఒక్క చుక్క ఎక్కువైతే నలుపే.

చీకటి గదిలో ప్రిస్కిల్లా అనే అమ్మాయి
గడ్డం ఇక్కడ పెట్టండి అంది, రెప్ప కొట్టొద్దంది.
తర్వాత తెర నావైపు తిప్పింది.
“ఇవి మీ కంట్లో నెత్తురు పారే దారులు.”
బ్యారేజీ మీంచి చూసినట్టుంది.
పెద్ద కాలువలు, పిల్ల కాలువలు,
బోదెలు, బోదెల కింద తడి.
ఒక పక్క మాత్రం
నీళ్లు కట్టేసిన వేసవిలో శివారు పొలంలా
బూడిద రంగు.
“నీళ్లందక పైరు పోయిందా అమ్మా?”
కాసేపు ఆగింది.
“పైరు పోయాక నీళ్లు తగ్గాయేమో బాబాయ్.
నరం సన్నబడితే నెత్తురూ తగ్గుతుంది.
ఏది ముందో మావాళ్లకీ ఇంకా పూర్తిగా తేలలేదు.”
తెలీదని చెప్పిన మొదటి మనిషి ఆ భవనంలో.
వేలితో ఒకచోట చూపించింది:
“ఇక్కడ చూడండి, ఇంకా పారుతోంది.
పారేది మిగిలితే చూపు తిరిగొచ్చే ఆశ ఎక్కువ.”
ఎక్కువ అంది, తప్పకుండా అనలేదు.
ఆ తేడా
ఇంటిదాకా ఆటోలో మోసుకెళ్లాను.

కోత ముక్కులోంచే.
ముప్పై ఏళ్లు టర్పెంటైన్ మోసిన ముక్కు,
ఇదీ మోసింది.
నెల రోజులు వాసనల్లేవు.
బిర్యానీ వేడి ముద్ద, అంతే.

పన్నెండో రోజు.
వార్డు కిటికీకి ఎదురుగా కూర్చున్నాను, తల తిప్పలేదు.
ఎడమ పక్క ఏదో పసుపుగా కదిలింది.
బత్తాయి తొక్క.
ఖాజాబీ ఒలుస్తోంది,
దాని వెనక ఆమె గాజులు,
గాజుల వెనక ఆమె.
ఎప్పట్నుంచి కూర్చున్నావని అడిగాను.
ఆమెకు కోపమొచ్చింది.
“పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నానుగా!”

కుడి పక్క ఇంకా మంచే.
ఆర్నెల్లు చూద్దామంది డాక్టరమ్మ.

మొన్న సాంబిరెడ్డి లారీ వచ్చింది.
నాగపూరు, రాయపూరు, ఎక్కడెక్కడో
‘అమ్మ దీన’గానే తిరిగొచ్చింది.
ఇంకెవరితోనూ దిద్దించలేదట, ఎందుకో చెప్పలేదు.
‘దీ’కీ ‘న’కీ మధ్య చోటు లేదు.
‘న’ చెరిపి, జరిపి, మళ్లీ రాశాను,
‘వె’ కొంచెం లావైంది.
ఒక కన్ను మూసి ఒకసారి,
ఇంకో కన్ను మూసి ఒకసారి,
వేలితో తడిమి మరోసారి చదివాను.
పచ్చి రంగు వేలికంటింది.

డ్రైవరు క్యాబిన్‌లోంచి అరిచాడు,
“బాబాయ్, ఎడమ అద్దంలో కనిపిస్తున్నావు,
కుడివైపుకి రా!”
వెళ్లాను,
చెయ్యి ముందుకు చాచుకుని.